శ్రీనూ, నీ స్విఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ సంగతి

హైదరాబాద్,
ఆదివారం

శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. షోరూమోళ్లు నీ 2012 స్విఫ్ట్ వీఎక్స్‌ఐకి 1,60,000, పైన ఎక్స్‌ఛేంజ్ బోనస్ 40,000 ఇస్తమన్నరని, వారంల చెప్పకుంటే ఆఫర్ పోతదన్నరని రాసినవు. ముందుగాల ఆ వారం ముచ్చట మనసులకెల్లి తీసెయ్యి. నెలాఖరుకు టార్గెట్ నిండాల్సింది వాళ్లకు. నీకు తొందర లేదు.

2 లక్షలు మంచి రేటేనా అని అడిగినవు. ఆ 2 లక్షలల్ల నీ బండి ధర, కొత్త బండి మీద తగ్గింపు రెండూ కలిసిపోయినయి. విడదీస్తేనే లెక్క తెలుస్తది. అందుకే రెండు కాగితాలు అడుగు. పాత బండి ఇయ్యకుంట కొంటే ఆన్‌రోడ్ ఎంతయితదో, ఎక్స్‌షోరూం, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ చార్జీ ఏ పద్దుకాపద్దు రాసి ఇయ్యమను. నీ బండిని వట్టిగ ఎంతకు కొంటరో ఇంకో కాగితం మీద. అప్పుడు ఇట్ల లెక్క కట్టు: బయట నీ బండికి 2,15,000 వచ్చిందనుకో. ఎక్స్‌ఛేంజ్ లేనోళ్లకు కొత్త బండి మీద 25,000 క్యాష్ డిస్కౌంట్ ఉందనుకో. మొత్తం 2,40,000. వాళ్లు పెద్దగ చూపిస్తున్న 2 లక్షల కన్న 40,000 ఎక్కువ. బోనస్ ఇచ్చుకుంటనే క్యాష్ డిస్కౌంట్ తీసేసిన సంగతి అడిగితేనే చెప్తరు. కొన్ని కంపెనీలైతే పాత బండి బయట అమ్మినా, ఆర్సీ వేరే పేరుకు మారిన కాపీ చూపిస్తే బోనస్ ఇస్తయి. అదీ అడుగు.

బయట రేటు తెలుసుకునేతందుకు మారుతివాళ్ల పాత కార్ల షోరూం ట్రూ వ్యాల్యూల ఒకటి, స్పిన్నీ, కార్స్‌24 లాంటి ఆన్‌లైన్ వాళ్లతోని రెండు కొటేషన్లు తీస్కో. రెండేండ్ల కిందటి రేటు మనసుల పెట్టుకోకు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్తదాని ధర దిగితే పాతదాని ధర ఆగదు గద.

చూసేతందుకు వచ్చినాయన ఏం చూస్తడో చెప్త. పెయింట్ మందం కొలిచే మీటర్ పెడ్తడు. కంపెనీ పెయింట్ 100 నుంచి 150 మైక్రాన్ల దాక ఉంటది, మళ్ల రంగేసిన చోట 200 దాటుతది, పుట్టీ పెట్టిన చోట ఇంకా ఎక్కువ. డోర్ల రబ్బర్ బీడింగ్ గుంజి పిల్లర్ల స్పాట్ వెల్డింగ్ చూస్తడు. బానెట్ బోల్టులకు స్పానర్ పెట్టిన గుర్తులున్నయా, టైర్ల తయారీ తేదీ ఎప్పటిది, రెండో తాళంచెవి ఉందా అని చూస్తడు. కాబట్టి అమ్మేముందు రంగేపియ్యకు, డబ్బులు దండుగ. తాజా రంగు అనుమానం పెంచుతది. ఆ పైసలతోని చలాన్లు కట్టు, లోన్ తీరినంక ఆర్సీ మీద బ్యాంకు పేరు ఇంకా ఉంటే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, లోన్ పేరు కొట్టేసే ఫారం 35తోని తీసేయించు.

ఇన్సూరెన్స్‌ల ఒక సంగతి మరువకు. 5 ఏండ్లు క్లెయిం లేకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంల, అంటే మన బండి నష్టానికి కట్టే భాగంల 50 శాతం నో క్లెయిం బోనస్ వస్తది. అది బండిది కాదు, నీది. పాతది అమ్మినంక ఆ బోనస్ నీ పేరు మీదనే ఉందని ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే రిటెన్షన్ లెటర్ తీస్కుంటే 3 ఏండ్ల లోపల కొత్త బండికి వాడుకోవచ్చు. షోరూం ఇన్సూరెన్స్ కాగితంల ఈ తగ్గింపు పడిందో లేదో చూసినంకనే పైసలు కట్టు.

ఎవరికి అమ్మినా, ఆర్సీ పేరు మార్చే ఫారం 29, 30 మీద కొనేటోని పేరు, తేదీ లేకుంట ఖాళీగ సంతకం పెట్టి ఇయ్యకు. ఆర్సీ నీ పేరు మీద ఉన్నన్ని రోజులు చలాన్లు నీకే వస్తయి. యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం కేసు గూడ నీ మీదికే వస్తది. 2018ల సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, రికార్డుల ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని. బండి అప్పజెప్పిన తేదీ, టైం రాసిన డెలివరీ లెటర్ తీస్కో, ఆర్సీ మారిన కాపీ వచ్చేదాక వెంటపడు.

ఇగ ఉంచుకునే సంగతి. నాకైతే ఇదే నచ్చింది, ఎందుకో లెక్క చూడు. 9 లక్షల బండికి లైఫ్ ట్యాక్సే 14 శాతం, అంటే 1,26,000. దానికి 7 లక్షల లోన్ 9 శాతానికి 5 ఏండ్లు తీస్కుంటే నెలకు 14,500 పైన కిస్తీ, ఏడాదికి 1,74,000. పాత స్విఫ్ట్‌కు అన్ని పనులు ఒక్కపారే చేపిచ్చినా ఒక్క ఏడాది కిస్తీలంత కాదు. ఇంజన్ బాగుంటేనే ఈ మాట. అందుకే ముందు ఇంజన్ చూడాలె.

పొద్దుగాల బండి చల్లగున్నప్పుడు స్టార్ట్ చెయ్. మొదట నీలి పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు అరిగినయి, అది తట్టుకోవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్ల నీలి పొగ వస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు. ఇంజన్ వేడెక్కినంక గూడ తియ్యటి వాసనతోని తెల్ల పొగ వస్తుంటే ఇంజన్ హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోయినట్టు. ఆయిల్ మూత తీసి చూడు, పొగ గుప్పుగుప్పున తన్నొద్దు. ఆఖరుకు సిలిండర్లల్ల ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేపియ్యి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం దాటొద్దు. నీ 1.2 పెట్రోల్ ఇంజన్‌కు టైమింగ్ చెయిన్ ఉంటది, బెల్ట్ కాదు. లక్ష కిలోమీటర్లకు బెల్ట్ మార్చాలె అని ఎవరన్న బిల్లేస్తే ఆ గ్యారేజీకి మళ్ల పోకు. చెయిన్ నిలబడాలంటే ఆయిల్ టైంకు మార్చాలె, 10,000 కిలోమీటర్లో ఏడాదో, ఏది ముందొస్తే అది. మూడు లీటర్ల పైచిలుకు పడ్తది, ఫిల్టర్ ప్రతిసారి మార్చు.

హైదరాబాద్‌ల ఈ బండ్లను చంపేది ఆయిల్ కన్న ఎక్కువ నీళ్లే. కూలెంట్ తగ్గితే చాన మంది బోరు నీళ్లు పోస్తరు. మన బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ. అది రేడియేటర్ సందులల్ల పేరుకుంటది, థర్మోస్టాట్ ఇరుక్కుంటది. ఎండాకాలం కూకట్‌పల్లి కాడ ట్రాఫిక్‌ల ఏసీ వేసుకోని నిలబడ్డవంటే సూది పైకి లేస్తది, అల్యూమినియం హెడ్ వంగుతది, గ్యాస్కెట్ పోతది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపిచ్చు. రేడియేటర్ మూత, హోస్ పైపులు, వాటర్ పంపు దగ్గర చెమ్మ, ఏసీ వెయ్యంగనే ఫ్యాన్ తిరుగుతుందా లేదా, ఇవన్నీ అప్పుడే చూపియ్యి. సూది పైకి పోతే పక్కకు ఆపి ఇంజన్ బంద్ చెయ్. వేడి మీద మూత తియ్యకు, చేతులు కాల్తయి.

స్పీడ్ బ్రేకర్ మీద కటకట అంటుందని రాసినవు. చాన వరకు అవి లింక్ రాడ్లు, లేకుంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు. షాక్ అబ్జార్బర్లే మార్చాలె అంటే ఊకోకు, ముందు ర్యాంప్ మీద ఎక్కిచ్చి రాడ్‌తోని ఊపి చూపియ్యమను. షాకర్ మీద ఆయిల్ కారుతుంటేనే మార్చు, మార్చేటప్పుడు రెండు పక్కల కలిపి మార్చు, తర్వాత అలైన్‌మెంట్ చేపియ్యి. క్లచ్ గూడ అట్లనే: నాలుగో గేరుల 40 మీద పోతుంటే యాక్సిలరేటర్ ఒక్కపారి పూర్తిగ తొక్కు, ఇంజన్ మోత పెరిగి బండి పెరగకుంటే ప్లేట్ అయిపోయింది. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడు కలిపి మార్చు, గేర్‌బాక్స్ దించే కూలి ఒక్కటే.

ఏసీ గ్యాస్ ప్రతి ఎండాకాలం నింపిస్తున్నవంటే ఎక్కడో లీకున్నట్టు. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి లీక్ పట్టిచ్చినంకనే గ్యాస్ నింపిచ్చు.

సామాను రాణీగంజ్‌ల, పుత్లిబౌలిల దొరుకుతది. ఛాసిస్ నంబర్ రాసుకోని పో, అదే మోడల్‌ల రెండు మూడు రకాల భాగాలుంటయి. అద్దాలు, లైట్లు, బంపర్ సెకండ్ హ్యాండ్ అయినా ఫరక్ లేదు. బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ ఫిల్టర్, క్లచ్ మాత్రం కంపెనీ కౌంటర్లనే తీస్కో, నకిలీలు ఎక్కువ. ఇప్పుడు బంకులల్ల వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. నీ బండి అప్పటిది కాబట్టి ఫ్యూయల్ పైపులు, రబ్బర్ సీళ్లు ఉబ్బినయా, పగిలినయా ఒకసారి చూపియ్యి.

2027ల ఆర్సీ 15 ఏండ్లు నిండుతది, తర్వాత స్క్రాపే అన్నరా? అది తప్పు. 10 ఏండ్ల డీజిల్, 15 ఏండ్ల పెట్రోల్ లెక్క ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర గడువుకు ముందే ఆర్సీ రెన్యువల్‌కు ఫారం 25 పెట్టి, ఫిట్‌నెస్ చూపిచ్చి, 5,000 ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కడితే ఇంకో 5 ఏండ్లు ఇస్తరు.

అయితే ఒక్కటి నన్ను నిజంగ ఆపుతున్నది. నీ బండిల ఎయిర్‌బ్యాగులు లేవు. అన్ని కార్లకు బ్రేక్ కొడితే చక్రాలు జాం కాకుంట చూసే ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరయింది 2019ల. చెల్లె రోజూ పిల్లలను తీస్కోని ఔటర్ రింగ్ రోడ్డు మీద పోతదంటే ఈ లెక్కలన్ని పక్కన పెట్టి బండి మార్చు, నేను ఒక్క మాట అడ్డం చెప్ప. ఉప్పల్ నుంచి తార్నాక దాక ఆఫీసుకే అయితే ఉంచుకో. 2020 అక్టోబర్ వానలకు సెల్లార్ల మునిగిందా అన్నది గూడ ఇంట్ల అడిగి చెప్పు. సీటు బెల్ట్ మొత్తం గుంజి చూడు, కింద మట్టి చార ఉంటే మునిగినట్టే. అప్పుడు వైరింగ్ మీద నమ్మకం పెట్టుకోలేం, అమ్ముడే మేలు.

శనివారం పొద్దుగాల 7 గంటలకు బండి తీస్కోని రా. వచ్చేముందు ఆయిల్ మార్పియ్యకు, కూలెంట్ పొయ్యకు, ఉన్నదున్నట్టే చూడాలె. సర్వీస్ బిల్లులు, షోరూమోళ్లు రాసిచ్చిన కాగితం మరువకు.

నీ,
రవి