మోకాలు మార్చాక మళ్లీ మంచు మీదికి: అనంతపురం మిత్రులకు కృతజ్ఞతలు

మోకాలి మార్పిడి ఆపరేషన్ తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీ మంచు వాలుల్లో మళ్లీ స్కీయింగ్ చేయగలిగానంటే అది కొందరి పుణ్యమే. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి చేసిన మేలు మాత్రం రాస్తున్నా. ఇదే ఆపరేషన్ అయినవాళ్లకు పనికొస్తుంది.

మొదటి దండం ఫిజియోథెరపీ మేడమ్‌కి. ఇంటికి రాగానే మోకాలి కింద దిండు తీసేయించారు. అది హాయిగానే ఉంటుంది గానీ, కాలు వంగినట్టే బిగుసుకుపోయి పూర్తిగా చాపడం రాదు. ఆ దిండే మడమ కింద పెట్టించి, మోకాలిని కిందికి అదిమి 5 సెకన్లు బిగబట్టమనేవారు. మడత 90 డిగ్రీలకు వచ్చాక కూడా వదల్లేదు. స్కీ బూటు తొడగాలన్నా, మంచులో పడి లేవాలన్నా 110 దాటాలని పట్టుబట్టారు.

చెక్క మెట్టు చేసిచ్చిన వడ్రంగి అన్నకు రుణపడి ఉన్నా. 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన బిగించుకోవడానికి 5 సెంటీమీటర్ల పలకలు రెండు. ఆపరేషన్ అయిన కాలు మెట్టు మీద ఉంచి, రెండో కాలి మడమ నేలకు తాకీ తాకనట్టు నిదానంగా దించాలి. ఎదురుగా అద్దం పెట్టుకోండి. మోకాలు లోపలికి వాలుతోందంటే తుంటి కండ బలం చాలలేదన్నమాట, ఇంకో పలక వేయకూడదు.

గుత్తి కోటకు తోడొచ్చిన మిత్రులకూ థ్యాంక్స్. ఎక్కడం పెద్ద లెక్క కాదు, కాలి సంగతి దిగేటప్పుడే తెలుస్తుంది. రెండు చేతుల్లో కర్రలు తప్పనిసరి. మర్నాడు పొద్దునకీ వాపు తగ్గకపోతే ఆ వారం దూరం తగ్గించేవాళ్లు, బతిమాలినా వినేవాళ్లు కాదు.

ఇక డాక్టరు గారు. 6 నెలలు నిండకుండా స్కీయింగ్ మాటే ఎత్తొద్దన్నారు. కారణం కూడా విడమరిచి చెప్పారు: మోకాలి మార్పిడిలో మోకాలి ఎముకలు జారకుండా లోపల పట్టి ఉంచే ముందరి పట్టీని (యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్) సాధారణంగా తీసేస్తారు, లోహపు భాగాల మధ్య ఉండేది పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ ముక్క. దూకుళ్లు, మెలికలు దాన్ని అరగదీస్తాయి. పడితే ఇంప్లాంట్ పక్కన ఎముక విరగొచ్చు, దాన్ని అతికించడం మామూలు విరుపంత సులువు కాదు. అందుకే ఆపరేషన్‌కు ముందే స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లకే ఈ వెసులుబాటు. కొత్తగా నేర్చుకోవాలనే సరదా ఉంటే మానుకోండి. వచ్చినవాళ్లయినా చదును చేసిన తక్కువ వాలుకే పరిమితం కావాలి. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో గొండోలా (రోప్‌వే) రెండో దశ పైన ఉండే వదులు మంచు జోలికి పోవద్దు.

ఔలీలో స్కీలు అద్దెకిచ్చిన తమ్ముడు బూట్లను రాత్రి గదిలోనే పెట్టించాడు. చలికి ప్లాస్టిక్ గట్టిపడితే తొడిగేటప్పుడు ఆ బలమంతా మోకాలి మీద పడుతుంది. బరువు, ఎత్తు, బూటు అడుగు పొడవు, వయసు అడిగి బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే బిగింపు) సరిచేశాడు; 50 దాటినవాళ్లకు ఆ బిగువు ఒక అంచె తగ్గిస్తారు. ఊరికే ఊడొస్తోందని స్క్రూ మీరే బిగించుకోవద్దు. మధ్యాహ్నానికి ముగించమన్నదీ అతనే. ఎండకు మంచు తడిసి బరువెక్కితే స్కీ ఇరుక్కుంటుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది.

రైల్లో కింది బెర్తు వదిలిచ్చిన దంపతులకూ నమస్కారం.

చెక్క మెట్టు ఇప్పుడు ఖాళీగానే ఉంది. అనంతపురంలో ఎవరికైనా కావాలంటే కామెంట్ పెట్టండి, ఇచ్చేస్తా. అడుగున రబ్బరు అరిగింది, మార్చుకుని వాడండి, లేకపోతే గచ్చు మీద జారుతుంది.