రెండో తరగతి తల్లిదండ్రులకు: బస్సు బోర్డులు చదివించండి

అందరికీ నమస్కారమండీ. నిన్న డిక్టేషన్‌లో “విశాఖపట్నం” ఇస్తే చాలామంది “విసాకపట్నం” అని రాశారు. దయచేసి పిల్లల్ని కోప్పడకండి. ఇంట్లో, వీధిలో మనం పలికేది దాదాపు అలాగే ఉంటుంది కదా, విన్నది విన్నట్టు రాశారు. శ, ఖ కంటికి అలవాటు కావాలి, అంతే.

అసలు కష్టం ఒత్తుల దగ్గర. ఒక పాప “పెందుర్తి”ని “పెందురిత” అని చదివింది. గుడి ర మీద కనిపిస్తుంది, త ఒత్తు కింద ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ఆ “ఇ” త తర్వాతే వస్తుంది. పాప కంటికి కనిపించిన వరుసలోనే చదివింది, పాపం. బోర్డు మీద ర్, త్, ఇ అని విడగొట్టి, మళ్ళీ కలిపి రాశాను. నాలుగోసారికి తనే వేలు పెట్టి “ర్తి” అంది. ఆ మొహం చూడాల్సింది!

మీరు బయటికి వెళ్ళినప్పుడు బస్సు బోర్డులు చదివించండి. మద్దిలపాలెంలో ద కింద ద ఒత్తే ఉంటుంది, ద్వారకానగర్‌లో వ ఒత్తు. సింహాచలంలో సున్నాలు ఎన్నో అడగండి.

తప్పు రాస్తే పదేసి సార్లు రాయించొద్దండీ. చెయ్యి రాస్తూ పోతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. రాసింది పైకి చదవమనండి, చాలాసార్లు తప్పు వాళ్ళకే దొరుకుతుంది. ఇది నేను రోజూ క్లాసులో చూస్తున్నదే.

సోమవారం డిక్టేషన్‌లో ఈ ఊళ్ళ పేర్లే ఇస్తాను. టెన్షన్ పెట్టకండి, మార్కులు వెయ్యను. పెన్సిల్ చెక్కి పంపండి చాలు.