ఎనిమిదో పుస్తకం అని నాటకం అంటగట్టారు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పిల్లల చేత పుస్తకాలు చదివించండి, ఫోన్లు లాక్కోండి అని మీ పత్రికతో సహా అందరూ చెప్తుంటారు. మేమూ కొంటూనే ఉన్నాం. కానీ ఏది కొనాలో, ఏది అక్కర్లేదో చెప్పే దిక్కు లేదు.

మా అమ్మాయికి పదమూడేళ్లు. హ్యారీ పోటర్ ఏడు పుస్తకాలూ ఒక్క ఏడాదిలో అన్నం దగ్గర కూడా వదలకుండా చదివేసింది. మొన్న పుస్తకాల ప్రదర్శనకు వెళ్తే అదే వరసలో 'కర్స్‌డ్ చైల్డ్' కనిపించింది. స్టాల్లో అబ్బాయిని అడిగితే "ఎనిమిదో పార్టు మేడమ్, లాస్ట్‌ది" అన్నాడు. ఇంటికొచ్చి తెరిస్తే పేరు, పక్కన డైలాగు, మళ్లీ పేరు, పక్కన డైలాగు. "అమ్మా, ఇదేంటి మా స్కూల్ యానివర్సరీ స్క్రిప్టులా ఉంది?" అంది.

ఆ అబ్బాయిని అని లాభం లేదు. 2016 జులై 31న పుస్తకం వచ్చినప్పుడే 'ఎనిమిదో కథ, పంతొమ్మిదేళ్ల తర్వాత' అని ఊదరగొట్టి అమ్మారు. లండన్ ప్యాలెస్ థియేటర్లో ఆడే నాటకానికి రిహార్సల్ స్క్రిప్టు అది. అట్ట మీద ఆ మాట ఉంది, కాదనను, కానీ ఏడో పుస్తకం తర్వాత తొమ్మిదేళ్లు ఎదురుచూసిన వాళ్లకి ఆ మాట కంటికి ఆనుతుందా? కథ ఆ ఏడు పుస్తకాలు రాసిన రౌలింగ్, నాటక దర్శకుడు జాన్ టిఫనీ, రచయిత జాక్ థోర్న్ ముగ్గురూ కలిసి అల్లుకున్నారు, నాటకం రాసింది మాత్రం థోర్న్.

సరే, నాటకమే అనుకుని చదివాం, ఇద్దరం. మంత్రగాళ్ల మంత్రిత్వ శాఖలో దాచిన, కాలంలో వెనక్కి తీసుకెళ్లే టైమ్ టర్నర్లన్నీ ఐదో పుస్తకంలోనే పగిలిపోయాయి కదా, ఇక్కడ ఒకటి కాదు రెండు బయటికొస్తాయి. మూడో పుస్తకంలో వెనక్కి వెళ్లినా జరిగింది మారదు, వెళ్లడం కూడా జరిగిన దాంట్లో భాగమే, ఆ కథకి ప్రాణమే అది. ఇందులో వెళ్లొచ్చిన ప్రతిసారీ లోకం తలకిందులు. నాలుగో పుస్తకంలో పోటీ చివర కప్పు నువ్వే తీసుకో అని హ్యారీకి వదిలేసిన తోటి విద్యార్థి సెడ్రిక్, ఇక్కడ అదే పోటీలో నలుగురూ నవ్వారని విలన్ వోల్డెమార్ట్ ముఠాలో చేరి డెత్ ఈటర్ అయిపోయాడట! స్నేహితుడు రాన్‌తో పెళ్లి కాకపోతే హ్యారీ స్నేహితురాలు హెర్మియోనీ పిల్లల్ని కాల్చుకు తినే టీచరట. "పెళ్లి కాకపోతే అలా అయిపోతారా?" అని మా అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇక వోల్డెమార్ట్‌కి కూతురు! మన టీవీ సీరియల్లో పోయిన విలన్‌కి వారసురాలు దిగినట్టు దిగింది. రైల్లో తినుబండారాల బండి తోసుకొచ్చే ముసలమ్మ గుమ్మడి పేస్ట్రీలని బాంబుల్లా విసురుతుంది, అది నేను రెండుసార్లు చదివాను, నిజంగానే అలా రాశారా అని. హ్యారీ కొడుకు స్నేహితుడు స్కార్పియస్ ఒక్కడు బాగున్నాడు. పాపం, ఆ కుర్రాడు వేరే మంచి కథలో ఉండాల్సింది.

అలాగని నాటకం చెడ్డదనడం లేదు. 2017లో లండన్ నాటకాలకిచ్చే ఒలీవియర్ అవార్డులు 9, మరుసటి ఏడాది న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఉత్తమ నాటకంగా టోనీ అవార్డు ఊరికే ఇవ్వరు. రంగస్థలం మీద కళ్ల ముందు మాయ జరుగుతుంటే లాజిక్ ఎవడు అడుగుతాడు? సురభి వాళ్ల మాయాబజార్‌లో లడ్లు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే మనం నోళ్లు తెరుచుకుని చూడలేదా? ఆ స్క్రిప్టు కాగితాలు కుట్టి, మహాభారతం కొత్త పర్వం అని అమ్మితే ఒప్పుకుంటామా?

ఇప్పుడు అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీవో హ్యారీ పోటర్ కథను మళ్లీ మొదటి నుంచి సిరీస్‌గా తీస్తోంది కాబట్టి కొత్తగా బోలెడుమంది పిల్లలు ఈ పుస్తకాలు అడుగుతారు. షాపుల వాళ్లు దయచేసి దీన్ని ఆ ఏడింటి పక్కన కాకుండా నాటకాల అరలో పెట్టండి, అడిగిన వాళ్లకి నాటకం అనే చెప్పండి. మీరు కూడా ఆదివారం పిల్లల పేజీలో చుక్కలు కలపండి, దారి కనుక్కోండి పక్కన ఒక పుస్తకం గురించి పది లైన్లు వేయండి, అదీ చదివిన పిల్లల చేతే రాయించి. మా అమ్మాయి దీని మీద ఒకటిన్నర పేజీ రాసి పెట్టింది. తిట్లు తీసేసి పంపమంటే పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం