మానేసింది సరే, ఎందుకు మానేసిందో కూడా అడగండి

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈఎస్ఐ (కార్మికుల బీమా సంస్థ) వారి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన గురించి ఈ ఉత్తరం. ఉద్యోగం పోయిన కార్మికులకు రోజు సంపాదనలో సగం, 90 రోజుల దాకా, జీవితంలో ఒక్కసారి ఇస్తారు. 2018లో పావు వంతుతో మొదలైన భృతిని కరోనా ఏడాది సగానికి పెంచారు. దరఖాస్తు యజమాని చేతుల మీదుగా వెళ్లాల్సిన అవసరమూ అప్పుడే తీసేశారు. మంచి పని, కాదనను.

కానీ తమంతట తాము మానేసినవాళ్లకు ఇది రాదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మా జీడిమెట్ల ఫ్యాక్టరీల వైపు 'మానేయడం' ఎలా జరుగుతుందో చెప్తాను. ఆఫీసు గదిలోకి పిలుస్తారు. బల్ల మీద టైపు చేసిన కాగితం, 'సొంత కారణాల వల్ల' అని. తేదీ కూడా వాళ్లే వేసేస్తారు. "సంతకం పెడితే సెటిల్‌మెంట్ వారంలో వస్తుంది. లేదంటే క్రమశిక్షణ తప్పిందని తీసేస్తాం" అంటారు. అలా తీసేసినా భృతి రాదు, ఇలా సంతకం పెట్టినా రాదు. నాతో ప్యాకింగ్‌లో చేసిన ఒక అక్కకు రెండు నెలల జీతం బాకీ ఉండగా ఇదే జరిగింది. పెట్టింది సంతకం. పెట్టక ఏం చేస్తుంది?

ఇంకోటి. ఈఎస్ఐ డాక్టరే "ఈ దుమ్ములో పని చేయొద్దమ్మా" అని చీటీ రాశాడనుకోండి. ఆ మాట విని మానేస్తే అదే ఈఎస్ఐ లెక్కలో ఆమె కావాలని మానేసినట్టే!

మేం అడిగేది పెద్దదేం కాదు. జీతం ఆగి గానీ, వేధింపుల వల్ల గానీ, దూరం బదిలీ చేస్తే గానీ, జబ్బు చేసి గానీ మానేసినవాళ్లను ఉద్యోగం పోయినవాళ్లుగానే చూడండి. రుజువులు మా దగ్గరే ఉంటాయి: బ్యాంకు పాస్‌బుక్, బదిలీ ఆర్డరు, డాక్టరు చీటీ. జర్మనీలో సరైన కారణం లేకుండా మానేసినా మామూలుగా 12 వారాలు ఆపి, ఆ తర్వాత భృతి ఇస్తారు. మన దగ్గర కారణం ఉన్నా తలుపు మూసే ఉంటోంది.

18,000 జీతమైతే ఈఎస్ఐ కింద నెలనెలా నా వాటా 135 రూపాయలు, యాజమాన్యం వాటా 585 మీకు చేరుతున్నాయి. నిబంధన మార్చడానికి టైం పడుతుందంటే, ఈలోగా రాజీనామా కాగితం చూసి దరఖాస్తు కొట్టేసే ముందు ఆ మనిషిని ఒకసారి పిలిచి అడగమని బ్రాంచి ఆఫీసులకు ఒక సర్క్యులర్ పంపండి.

ఇట్లు,
ఒక ప్యాకింగ్ కార్మికురాలు, హైదరాబాద్