బోటు అప్పగింతలు

కమ్మింగ్, జార్జియా
నవంబరు 22

చి. అమ్ములుకి,

నాన్న దీవించి రాస్తున్నది. ఇంగ్లీషులో నాలుగు పాయింట్లు మెయిల్ చేస్తే సరిపోదా అంటోంది మీ అమ్మ. అలా పంపితే ఆఫీసు మెయిల్ చూసినట్టు పైపైన చూసి ‘గాట్ ఇట్’ అని కొట్టేస్తావు. తెలుగైతే కూడబలుక్కుని చదవాలి కాబట్టి ప్రతి ముక్కా బుర్రకెక్కుతుంది. ఏడుస్తున్నా వినకుండా ఆదివారాలు మనబడి తెలుగు క్లాసులకి తీసుకెళ్ళినందుకు ఇన్నాళ్ళకి ఫలితం దక్కబోతోంది.

డిసెంబరు 3న మా ఫ్లైటు. అమలాపురంలో పెద్దనాన్న మనవరాలి పెళ్ళి చూసుకుని, శివరాత్రి అయ్యాక గానీ రాం. దగ్గర దగ్గర మూడు నెలలు. ఇంటి సంగతి నీకు చెప్పక్కర్లేదు. లేక్ లేనియర్‌లో మన డాక్ దగ్గర, నీళ్ళలోంచి పైకెత్తి పెట్టే లిఫ్ట్ మీద ఉన్న బోటు సంగతే చెప్పాలి.

మెరీనా వాళ్ళ షెడ్డులో పెట్టించు నాన్నా, డబ్బులు నేనిస్తా అన్నావు. అంతమాట అన్నందుకు సంతోషం. కానీ పొద్దున్నే కాఫీ తాగుతూ వంటింటి కిటికీలోంచి దాన్ని చూడటం నాకు అలవాటైపోయింది. ‘మూడు నెలలు మీరే ఉండరుగా, ఇంక చూసేదెవరు?’ అని మీ అమ్మ అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. మొండితనం అనుకో.

ముందు ఒక్క విషయం చెప్తాను. నీళ్ళలో లేదు, పైన పొడిగా కూర్చుంది, దానికేం భయం అని నీకు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి 2022లో ఇంజిన్ పోగొట్టుకున్నాను. నీకు సగమే తెలుసు, మొత్తం చెప్పడానికి అప్పట్లో సిగ్గేసింది. ఆ ఏడు థాంక్స్‌గివింగ్‌కి అందరూ వస్తున్నారు, ఇంకొక్కసారి తిప్పుదాం అని, చల్లబడటానికి ఇంజిన్ లోపలికి లాక్కునే లేక్ నీళ్ళు తీయించకుండా ఉంచాను. తర్వాత మెకానిక్‌కి ఖాళీ లేదు, నాకు బద్ధకం. క్రిస్మస్‌కి డాలస్‌లో మావయ్య ఇంటికి వెళ్ళాం. మనం అక్కడ ఉండగానే ఆ చలిగాలి దిగింది. అట్లాంటాలో 10 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి పోయింది, మన లెక్కలో మైనస్ 12 కన్నా కింద. మరునాడు పగలు కూడా గడ్డకట్టే చలే. నేను మావయ్య సోఫాలో కూర్చుని ఫోనులో వెదర్ చూస్తూనే ఉన్నాను. బోటు లిఫ్ట్ మీద ఉందిలే అనుకుంటూనే ఉన్నాను.

మార్చిలో డిప్‌స్టిక్ లాగి చూస్తే ఆయిల్ పాలెక్కువైన టీలా ఉంది. బ్లాకు పగిలి నీళ్ళు ఆయిల్లో కలిశాయి. నీరు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది, పోత ఇనుము పిసరంత కూడా సాగదు. గడ్డకట్టి పగిలితే నా ఇన్సూరెన్సు పాలసీలో పైసా రాదని ఆ రోజే తెలిసింది. కొత్త ఇంజిన్ ఖరీదు ఎంతో నీకు ఇప్పటికీ చెప్పను, మీ అమ్మకి అసలు చెప్పను.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, పక్క కోవ్‌లో, అంటే లేక్ పాయలో, ఒకాయనకి లిఫ్ట్ లేదు. ఆయన బోటు నీళ్ళలోనే కట్టేసి ఉంది. ఆయనా నీళ్ళు తీయించలేదు. ఆయన ఇంజిన్‌కి ఏమీ కాలేదు! డిసెంబరులో లేక్ నీళ్ళు ఇంకా 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కి అటూ ఇటూగా ఉంటాయి. నీళ్ళలో ఉన్న బోటుకి ఆ నీళ్ళే రగ్గు కప్పినట్టు. లిఫ్ట్ మీద ఉన్నదానికి కిందనుంచి, పక్కలనుంచి, అన్నివైపులా చలిగాలే. మనం పైకెత్తి భద్రంగా ఉంచామనుకున్నది చలికి నేరుగా అప్పజెప్పడమే అయ్యింది. బోటు ఇన్సూరెన్సు వాళ్ళు ఎప్పుడూ చెప్పేది కూడా ఇదే: మిన్నెసోటా వాళ్ళకి చలి ఖాయం కాబట్టి అక్టోబరులోనే అన్నీ సర్దేసుకుంటారు, ఇంజిన్లు పగలగొట్టుకునేది మనలాంటి వెచ్చటి రాష్ట్రాల వాళ్ళే.

ఈసారి భయం లేదు. రెండు వారాల క్రితమే మెకానిక్ వచ్చాడు, నేను పక్కనే నిలబడ్డాను. ఇంజిన్ బ్లాకుకి అడుగున నీళ్ళు పోవడానికి చిన్న ప్లగ్గులుంటాయి. ఎడమ వైపుది తీస్తే బుడబుడా కారాయి. కుడి వైపుది తీస్తే నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. వేరే ఎవరైనా అయితే ‘అయిపోయింది’ అనేవాళ్ళు. ఈయన ఒక తీగ తీసుకుని ఆ రంధ్రంలో పొడిచాడు. తుప్పు, ఇసుక కలిసిన ముద్ద ఒకటి ఊడింది, వెనకాలే ఎర్రటి నీళ్ళు ఒక్కసారిగా తన్నుకొచ్చి ఆయన చొక్కా తడిపేశాయి. ఆ నీళ్ళే లోపల ఉండిపోతే ఇంకో 2022 అయ్యేది. తర్వాత గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించాడు. కార్లలో పోసే ఆకుపచ్చ రకం కాదు, అది లేక్‌లో పడితే విషం. కింద డ్రైవ్‌లో గేర్ ఆయిల్ కూడా మార్చాడు. పాతది శుభ్రంగానే ఉంది. పెట్రోల్ ట్యాంకు దాదాపు నింపి స్టెబిలైజర్ కలిపాను. అంచేత ఇంజిన్‌తో నీకు ఏ పనీ లేదు. సరదాకి కూడా తాళం తిప్పొద్దు. నీళ్ళు లేకుండా తిరిగితే పంపులో రబ్బరు ఇంపెల్లర్ నిమిషాల్లో మాడిపోతుంది. బ్యాటరీ ఎలాగూ గరాజ్‌లో ఛార్జర్‌కి తగిలించి పెట్టాను. పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు. దిగిపోయినదైతే 20 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే గడ్డకట్టి ఉబ్బుతుంది.

ఇక నువ్వు చూడాల్సింది లిఫ్ట్. వారానికి ఒకసారి, శనివారమో ఆదివారమో, పగటిపూట రా. డాక్ మీదికి వెళ్ళేముందు మడ్‌రూమ్‌లో వేలాడుతున్న లైఫ్ జాకెట్ వేసుకో. నవ్వకు. చలికాలం నీళ్ళలో పడితే ఈత వచ్చినవాళ్ళకి కూడా ఊపిరి అందదు, చుట్టుపక్కల ఇళ్ళలో ఒక్కరూ ఉండరు. ఒంటరిగా రావద్దు, ఆ కుర్రాణ్ణి తీసుకురా. అతని పేరు రాయడం లేదు, మీ అమ్మ ఈ ఉత్తరం చదువుతుంది.

లిఫ్ట్ ఎలా పనిచేస్తుందో నీకు ఒకసారి చెప్పాను, అప్పుడు నువ్వు ఫోను చూసుకుంటున్నావు. బోటుకి రెండు పక్కలా నీళ్ళలో పొడుగాటి ప్లాస్టిక్ ట్యాంకులు ఉన్నాయి. డాక్ మీది పెట్టెలో బ్లోయర్ ఉంది, అది గాలి ఊదుతుంది. గాలి లోపలికి పోతే నీళ్ళు ట్యాంకు అడుగునుంచి బయటికి పోతాయి, బోటు లేస్తుంది. వాల్వు తెరిస్తే గాలి పోయి కిందికి దిగుతుంది. బోటు మొత్తం నిలబడేది ఆ గాలి మీదే, మరి గాలి ఎంత గట్టిగా బిగించినా కొంచెం కొంచెంగా కారుతుంది. ఒక మూల వాల్వు దగ్గర కారితే ఆ మూలే కుంగుతుంది. మెల్లగా, వారానికి అంగుళం చొప్పున. రోజూ చూసేవాడికి కనపడదు.

అందుకే డాక్ స్తంభాలు నాలుగింటికీ లిఫ్ట్ అంచు ఎత్తులో నీలం టేపు చుట్టాను. లిఫ్ట్ టేపుకి సమంగా ఉంటే మంచిది. రెండు వేళ్ళు దిగితే బ్రేకర్ ఆన్ చేసి, బ్లోయర్ వేసి, వాల్వు తిప్పి టేపు దాకా లేపు. వాల్వు మూసి, బ్లోయర్ ఆపి, బ్రేకర్ మళ్ళీ ఆఫ్ చెయ్యి. ఒకే మూల ప్రతివారం దిగుతుంటే నాకు వాట్సాప్‌లో ఫొటో పెట్టు. బ్రేకర్ మాత్రం మర్చిపోవద్దు. డాక్ మీద కరెంటు నీళ్ళలోకి లీకైతే ఉప్పు నీళ్ళకన్నా మంచినీళ్ళలోనే మనిషికి ప్రమాదం. ఎందుకంటే మంచినీళ్ళ కన్నా మన ఒంట్లోంచే కరెంటు సులువుగా పోతుంది. కరెంటు పని ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలు, నువ్వు చెయ్యి పెట్టకు.

రెండోది నీళ్ళ లోతు. మా ఊరివైపు గోదారి పెరిగితే భయం, ఇక్కడ లేక్ తగ్గితే భయం. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్ళు లేనియర్ మట్టం సముద్రమట్టానికి వేసవిలో 1,071 అడుగుల ఎత్తున, చలికాలం 1,070 ఉండాలని లెక్క పెట్టుకుంటారు గానీ వాన పడకపోతే ఆ లెక్క వాళ్ళ చేతిలో కూడా ఉండదు. అట్లాంటా తాగేదీ ఈ నీళ్ళే, బ్యూఫర్డ్ డ్యాం నుంచి కిందికి వదలాల్సిందీ ఈ నీళ్ళే. 2007 డిసెంబరులో నిన్ను ఈ లేక్ చూపించడానికి తీసుకొచ్చాను, గుర్తుందా? అప్పటికి మనం ఇంకా అపార్ట్‌మెంట్‌లోనే. నీళ్ళు 1,051 అడుగుల కిందికి పోయాయి. ఒడ్డంతా ఎర్రమట్టి, డాకులన్నీ నేలమీద ఒరిగిపోయి, వాటి మీద లిఫ్టులు, బోట్లు కూర్చుని ఉన్నాయి. నువ్వు బురదలో గోల్ఫ్ బంతులు ఏరుకుని జేబులు నింపుకున్నావు. నాకు అప్పుడే ఇక్కడ ఇల్లు కొనాలనిపించింది. ఎండిపోయిన చెరువు చూసి ఇల్లు కొనాలనుకునేవాడు ఎవడైనా ఉంటాడా అని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది.

మన డాక్ తేలేదే కాబట్టి నీటితోపాటు దిగుతుంది. కానీ ఒడ్డువైపు లోతు తగ్గితే లిఫ్ట్ ట్యాంకు అడుగు మట్టిని తాకుతుంది. ఒక పక్క నేలమీద, ఒక పక్క నీళ్ళమీద ఉంటే ఫ్రేము మెలితిరుగుతుంది. అందుకని లోతు కొలవాలి. కోటిపల్లి రేవులో గోదారి దాటించే ముక్తేశ్వరం పంటు ఎక్కితే ముందు నిలబడ్డ మనిషి గడ వేసి ఇసుక మేట ఎక్కడుందో చూస్తూ ఉండేవాడు. చిన్నప్పుడు నాకు పెద్దయ్యాక అదే ఉద్యోగం చేయాలని ఉండేది. ఇప్పుడు నీకు ఆ ఉద్యోగం. డాక్ పక్కన తెల్ల పీవీసీ పైపు ఉంది, అయిదడుగుల దగ్గర ఎర్ర టేపు ఉంది. లిఫ్ట్‌కి ఒడ్డువైపు మూలలో పైపు నిలువుగా దించు. ఎర్ర టేపు నీళ్ళలో మునిగితే సరే. పైనే ఉండిపోతే డాక్‌ని లేక్ లోపలికి నెట్టించాలి. ఒడ్డుమీది కేబుళ్ళు వదులు చేసి, లోపలివైపు బిగించి, గ్యాంగ్‌వే సర్ది... అది ఇద్దరు మనుషుల పని. ఆ పని చేసేవాళ్ళ నంబరు ఫ్రిజ్ మీద ఉంది. కేబుళ్ళు చుట్టే విన్చ్ నువ్వు ముట్టుకోవద్దు.

మూడోది వాన. జనవరి, ఫిబ్రవరుల్లో ఇక్కడ బాగా పడుతుంది. మన బోటు 21 అడుగులది. కవరు లేకుండా ఒక్క అంగుళం వాన పడితే 350 లీటర్లు లోపలికి వస్తాయి. అంటే నలుగురు లావుపాటి చుట్టాలు ఎక్కి కూర్చుని దిగనట్టు. అందుకే వెనక డ్రెయిన్ ప్లగ్గు తీసేశాను, బోటు మూతి కొంచెం ఎత్తుగా పెట్టాను. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే వెనకనుంచి పోవాలి. చిక్కల్లా పైన్ సూదులతో. అవి కవరు అంచు కిందనుంచి దూరి ఆ రంధ్రం దగ్గర పిచ్చుకగూడులా అల్లుకుంటాయి. వాన పడ్డ మరునాడు వస్తే డాక్ మీంచి వంగి వెనక రంధ్రం చూడు. చుక్కలు కారుతుంటే మంచిది. పొడిగా ఉండి, కవరు మీద నీళ్ళు లేకుండా, వెనకభాగం మాత్రం కిందికి దిగినట్టుంటే లోపల నీళ్ళు నిలిచాయని అర్థం. పైపు చివర కట్టిన తీగతో పొడు. కవరు మీద గుంట పడి నీళ్ళు నిలిస్తే కిందనుంచి చీపురు కర్రతో ఎత్తి ఒలకబొయ్యి. లోపల నిలబెట్టిన కర్ర జారిందని లెక్క, మళ్ళీ సర్దు.

ఆ ప్లగ్గుకో కథ ఉంది. కొన్న మొదటి ఏడు, మార్చిలో, హైదరాబాద్ నుంచి అత్తయ్య వాళ్ళు వచ్చారని గొప్పగా బోటు దించాను. అందరూ ఎక్కి కూర్చున్నారు. అత్తయ్య ‘ఏంటన్నయ్యా, కాళ్ళకి చల్లగా తగులుతోంది’ అంది. చూస్తే కార్పెట్ మీద నీళ్ళు, ఆవిడ చెప్పులు తేలుతున్నాయి. ప్లగ్గు ఇంట్లో సొరుగులో ఉంది. బ్లోయర్ నొక్కి అందరితో సహా పైకి లేపేశాను. అప్పటినుంచి ప్లగ్గుని తాళంచెవితో కలిపి జిప్ కవరులో పెట్టి స్టీరింగ్‌కి కట్టేస్తున్నాను. ప్లగ్గు చేతికి రాకుండా తాళం రాదు.

లోపలి దిళ్ళు, లైఫ్ జాకెట్లు, తాళ్ళు గరాజ్‌లోకి తెచ్చేశాను. ఎలకలు రాకుండా మీ అమ్మ డ్రయ్యర్ షీట్లు పెట్టింది. అవి పనిచేస్తాయో లేదో గానీ బోటంతా ఉతికిన బట్టల వాసన. కూలర్ రెండుసార్లు చూశాను, పోయినేడాది లాగా పులిహోర డబ్బా మర్చిపోలేదు.

అక్కడ శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. ఇక్కడి చలికి శివరాత్రి తెలియదు, మార్చిలో కూడా వెనక్కి తిరిగి వస్తుంది. కాబట్టి ఫిబ్రవరిలో రెండు రోజులు ఎండ కాసింది కదా అని నీ ఫ్రెండ్స్ బోటు దించమంటే దించొద్దు. నేను వచ్చాక దించుదాం. పూతరేకులు తెస్తాను, ఆత్రేయపురం నుంచి, నెయ్యి ఎక్కువ వేసినవి.

మీ అమ్మ నీ కోసం ఫ్రీజర్‌లో గోంగూర పెట్టింది.

మీ నాన్న

తా.క. ప్లగ్గు స్టీరింగ్‌కి కట్టానని పైన రాశాను. ఇప్పుడే కోటు జేబులో చెయ్యి పెడితే దొరికింది. పోపులపెట్టె పక్కన పెడుతున్నాను.