ఆ మూటను చెత్తబండిలో వేయకండి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ పత్రికలో ఒక పాఠకుడు వంతెన కింద పడుకునేవాళ్ళ గురించి రాశారు. పొద్దున నడకకు వెళ్తుంటే దారి పొడవునా మూటలు, అట్టపెట్టెలు, మాసిన దుప్పట్లు అడ్డం వస్తున్నాయని, మున్సిపాలిటీ వాళ్ళు వాటిని వెంటనే తీయించాలని ఆయన కోరారు. ఆయన మీద నాకు కోపం లేదు. కొన్నేళ్ళ క్రితం అయితే నేనూ అలాగే రాసేదాన్నేమో. ఆ ఉత్తరం అచ్చయిన నాలుగో రోజు తెల్లవారుజామున బండి వచ్చి అక్కడి మూటలన్నీ నిజంగానే ఎత్తుకుపోయింది. అందులో ఒక మూటలో ఏమేం ఉన్నాయో నాకు తెలుసు. దాని గురించి చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను ముప్పై ఒక్కేళ్ళు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం సార్టింగ్‌లోనే ఉన్నాను. రిటైరైన దగ్గర్నుంచి వారానికి రెండు రాత్రులు ఇళ్ళు లేనివాళ్ళ కోసం నడిచే ఒక నైట్ షెల్టర్‌కు వెళ్తున్నాను. నాకు వైద్యం రాదు, బరువులు మోసే ఓపిక లేదు. దస్తూరి మాత్రం బాగుంటుంది. అందుకని ఫారాలు నింపే పని నాకిచ్చారు. గుర్తింపు కార్డు, పింఛను, ఆస్పత్రి, బ్యాంకు ఖాతా ఇలా ఎన్ని ఫారాలు నింపానో లెక్క లేదు. ప్రతి ఫారంలోనూ పేరు రాయగానే, ఆ కింది గడి దగ్గర నా పెన్ను ఆగిపోతుంది. అది చిరునామా గడి.

ఆ మూట ఒక తాపీ మేస్త్రిది. వయసు అరవైకి దగ్గర. దగ్గు తగ్గక, బరువు తగ్గిపోయి ఆస్పత్రికి వెళ్తే టీబీ అన్నారు. పని మానేశాడు. మూడు నెలల అద్దె బాకీ పడేసరికి గది ఖాళీ చేయాల్సి వచ్చింది. అతనికి తాగుడు లేదు, జూదం లేదు. ఉన్నా నేను ఈ ఉత్తరం ఇలాగే రాసేదాన్ని. కాకపోతే చాలామంది ముందు అడిగే ప్రశ్న అదే కాబట్టి చెబుతున్నాను.

ఒక రాత్రి దరఖాస్తు రసీదు కోసం వెతుకుతూ అతను ఆ మూట నా ముందే విప్పాడు. పైన వానకు తడవకుండా ఫ్లెక్సీ ముక్క. దాని లోపల దుప్పటి, రెండు చొక్కాలు. చొక్కాల మధ్య గుడ్డలో చుట్టిన తాపీ, రసమట్టం. తుప్పు పట్టకుండా తాపీకి నూనె రాసి ఉంచుకున్నాడు. అన్నిటికంటే అడుగున ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఇంకో కవరు, అందులో మరొకటి. ఆ మూడో కవరులో గుర్తింపు కార్డు, ఎక్స్‌రే, ఆస్పత్రి చీటీలు, పింఛను దరఖాస్తు రసీదు, స్కూలు యూనిఫాంలో ఉన్న కూతురి ఫొటో ఉన్నాయి. టీబీ మాత్రల అట్టల మీద పెన్నుతో తేదీలు వేసి ఉన్నాయి. ఏ రోజు ఏది మింగాలో తప్పిపోకుండా తనే వేసుకున్నాడట. మామూలు టీబీకి ఆరు నెలల మందు. అతను నాలుగో నెలలో ఉన్నాడు. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, మామూలు మందులకు లొంగదు. అప్పుడు ప్రమాదం అతనొక్కడికే కాదు, అతని దగ్గు తగిలే దూరంలో ఉన్నవాళ్ళందరికీ.

ఆ గుర్తింపు కార్డు కోసం మేమిద్దరం పద్నాలుగు నెలలు తిరిగాం. ఎన్ని కౌంటర్లు, ఎన్ని వాయిదాలు!

బండి వచ్చిన సమయానికి అతను పబ్లిక్ టాయిలెట్ దగ్గర వరసలో ఉన్నాడు. ఇరవై నిమిషాలు పట్టిందట. తిరిగొచ్చేసరికి నేల కడిగి ఉంది. పక్కన పడుకునే ఆవిడ తన మూటను కౌగలించుకుని కూర్చుంది కాబట్టి అది మిగిలింది. మేస్త్రి మూట చూపించి "ఇది నాది కాదు, ఆయనది, ఇప్పుడే వస్తాడు" అని ఆవిడ చెప్పినా వినలేదట. అతను చెత్త యార్డు దాకా నడిచి వెళ్ళాడు. గేటు దగ్గరే ఆపేశారు. ఆ రాత్రి షెల్టర్‌కు వట్టి చేతులతో వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. "అమ్మా, మళ్ళీ మొదటినుంచి రాద్దామా?" అన్నాడు.

మూటలు ఎత్తిన కార్మికులను నేను తప్పు పట్టను. వాళ్ళలో ఒకతన్ని అడిగితే, "స్థలం ఖాళీ చేయమన్నారమ్మా, లోపల ఏముందో చూడమని మాకెవరూ చెప్పలేదు" అన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. అలా చెప్పే నియమం ఒకటి ఉండాలని అడుగుతున్నాను.

కొత్త కార్డుకు చిరునామా రుజువు కావాలి. చిరునామా రుజువుకు కార్డు కావాలి. పింఛను దరఖాస్తు ఏమైందో కనుక్కోవాలంటే రసీదు నంబరు కావాలి, ఆ రసీదు చెత్తబండిలో పోయింది. పనికి వెళ్దామంటే తాపీ లేదు. ఆస్పత్రిలో రికార్డు ఉంది కాబట్టి అయిదు రోజుల తర్వాత మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ అయిదు రోజులూ నాకు నిద్ర లేదు.

"షెల్టర్ ఉంది కదా, వంతెన కింద ఎందుకు పడుకోవాలి?" అని అడుగుతారు. నేనూ మొదట్లో అడిగాను. చాలా షెల్టర్లు రాత్రికే తెరుస్తారు, పొద్దున్నే ఖాళీ చేయమంటారు. మూట పెట్టుకునే చోటు ఉండదు. మగవాళ్ళు ఒకచోట, ఆడవాళ్ళు ఒకచోట అంటే భార్యాభర్తలు విడిపోవాలి. జబ్బుపడిన తల్లిని చూసుకునే కొడుకు ఆమెతో ఉండలేడు. రాత్రి పని ముగించుకుని పన్నెండింటికి వచ్చేవాడికి తలుపు వేసి ఉంటుంది. రాలేకపోవడానికి కారణాలు ఇన్ని ఉంటే, మనం మాత్రం వాళ్ళకు రావడం ఇష్టం లేదని రాసుకుంటున్నాం.

ఇది కొత్తగా పుట్టిన గొడవ కాదు. బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ళను, మురికివాడల వాళ్ళను ఖాళీ చేయించబోతే ఓల్గా టెల్లిస్ అనే పాత్రికేయురాలు, అక్కడి నివాసులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1985లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందన్నది అందులో ముఖ్యమైన మాట. పేవ్‌మెంటు మీద ఉండిపోయే హక్కును మాత్రం కోర్టు ఇవ్వలేదు, అది కూడా నిజాయితీగా చెప్పాలి. అయితే ముందుగా నోటీసు ఇచ్చి వాళ్ళ మాట వినడమే పద్ధతి అంది. వానాకాలం పోయేదాకా, అంటే ఆ ఏడాది అక్టోబరు 31 వరకు, ఖాళీ చేయించవద్దంది. వానలో మనిషిని బయటికి నెట్టకూడదన్న ఆలోచన ఒక తీర్పులోకి తేదీతో సహా ఎక్కింది. మా వంతెన కిందికి ఆ రోజు వచ్చిన బండి ముందు ఏ నోటీసూ రాలేదు.

మూటల మీదనే తీర్పు ఉంది, అమెరికాలో. లాస్ ఏంజెలెస్‌లో స్కిడ్ రో అనే ప్రాంతం ఇళ్ళు లేనివాళ్ళకు పేరుపడింది. అక్కడ కొందరు స్నానానికో, టాయిలెట్‌కో, కోర్టు వాయిదాకో వెళ్ళిన కాసేపట్లో నగరపాలక సిబ్బంది వాళ్ళ సామాను ఎత్తి అక్కడికక్కడే నాశనం చేశారు. గుర్తింపు పత్రాలు, మందులు, ఇంట్లోవాళ్ళ జ్ఞాపకాలు అన్నీ పోయాయి. 2012లో అప్పీలు కోర్టు, యజమాని కాస్త పక్కకు వెళ్ళినంత మాత్రాన ఆ సామాను మీద అతని హక్కు పోదని, ముందు చెప్పకుండా, మళ్ళీ తీసుకునే అవకాశం ఇవ్వకుండా ధ్వంసం చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. చదువుతుంటే మా మేస్త్రి ఇరవై నిమిషాల వరసే కళ్ళముందు మెదిలింది.

ఇక చిరునామా సంగతి. పోస్టాఫీసులో ఉన్నన్నాళ్ళూ, చేర్చడానికి చోటు దొరకని ఉత్తరాలను పంపినవాళ్ళకే తిప్పి పంపే కట్టలో వేసేదాన్ని. ఇలాంటి మనిషికి వచ్చిన ఆస్పత్రి పిలుపో, పింఛను ఆఫీసు జవాబో నా చేతుల మీదుగానే ఎన్ని వెనక్కి వెళ్ళాయో ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. ఇల్లు లేకపోవడం ఒక కష్టం. ఇల్లు లేదు కాబట్టి ఏ కాగితమూ చేరకపోవడం దాని మీద ఇంకో దెబ్బ. గోరుచుట్టు మీద రోకటిపోటు.

దీనికి దారి లేక కాదు. ఫ్రాన్స్‌లో స్థిరమైన ఇల్లు లేనివాళ్ళు మున్సిపాలిటీ సాంఘిక సేవా కేంద్రం చిరునామానే తమ చిరునామాగా పెట్టుకోవచ్చు. ఏడాదికోసారి కొనసాగించుకుంటే చాలు, ఉత్తరాలు అక్కడికే వస్తాయి. మన ఎన్నికల సంఘం కూడా ఒక మంచి పద్ధతి పెట్టింది. ఇల్లు లేని మనిషి ఓటు కోసం దరఖాస్తు చేసుకుంటే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వెళ్ళి, చెప్పిన చోట ఆ మనిషి నిజంగా పడుకుంటున్నారో లేదో చూడాలి. ఒకటి కంటే ఎక్కువ రాత్రులు చూడాలి. పడుకుంటున్నారని తేలితే నివాస రుజువు కాగితం అడగక్కర్లేదు. ఎంత మర్యాదైన పద్ధతి! మనిషి కాగితం తేవాలని కూర్చోకుండా, ఆఫీసే లేచి మనిషి దగ్గరికి వెళ్తుంది. ఓటుకు ఆ చోటు చాలినప్పుడు పింఛనుకు, వైద్యానికి ఎందుకు చాలదు?

అసలు మందు ఇల్లే అని నాకు తెలుసు. ఫిన్లాండ్ 2008 నుంచి ఇదే దారి పట్టింది. ముందు మానేయి, ముందు మారు, ఆ తర్వాత ఇల్లు అనకుండా, మొదటే తాళంచెవి ఇచ్చి, మిగతా సాయం ఆ తర్వాత చేసే పద్ధతి అది. పెద్ద హాళ్ళలో మంచాలు వేసిన షెల్టర్లను అక్కడ విడివిడి అద్దె ఫ్లాట్లుగా మార్చారు. ఇళ్ళు లేనివాళ్ళ సంఖ్య ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చి, 2022 నాటికి నాలుగు వేల లోపుకు దిగింది. మన నగరాలూ అక్కడికి చేరాలి. ఆ ఇళ్ళు వచ్చేలోగా మూటలను కాపాడటానికి మాత్రం డబ్బు కన్నా ముందు ఒక ఉత్తర్వు కావాలి.

నగరపాలక అధికారులను ప్రాధేయపడి అడుగుతున్నాను. ఏ చోటునైనా ఖాళీ చేయించే ముందు అక్కడ పడుకునేవాళ్ళు చదువుకోగలిగే భాషలో నోటీసు అంటించండి. చదవలేనివాళ్ళకు రాత్రిపూట వచ్చి నోటితో చెప్పండి. పగలు వస్తే అక్కడ ఎవరూ ఉండరు, పనికి పోయుంటారు. ఎత్తక తప్పని మూటకు చీటీ కట్టి, చీటీ రెండో ముక్క పక్కవాళ్ళకు ఇచ్చి, కనీసం మూడు నెలలు ఒక గదిలో దాచండి. మా పోస్టాఫీసులో ఎవరిదో తెలియని పార్సిల్‌ను కూడా తలుపు బయట పారేయలేదు. మందులు, కాగితాలు, పనిముట్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చెత్తలో కలపవద్దు. షెల్టర్లలో తాళం వేసుకునే అరలు పెట్టించండి, అవి పగలు కూడా తెరిచే ఉండాలి. షెల్టర్ చిరునామా మీద వచ్చే ఉత్తరాలను తీసుకుని భద్రపరిచే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఆ పని నేను చేస్తాను, జీతం వద్దు. ముప్పై ఒక్కేళ్ళు చేసిన పనే.

మేస్త్రికి మళ్ళీ దరఖాస్తు పెట్టాం. ఈసారి ప్రతి కాగితానికి మూడు నకళ్ళు తీయించి, ఒకటి అతని దగ్గర, ఒకటి షెల్టర్‌లో, ఒకటి మా ఇంట్లో బీరువాలో పెట్టాను. కూతురి ఫొటోకు నకలు లేదు.

గత వారం ఉత్తరం రాసిన పాఠకుడికి ఒక మాట. మీరు పొద్దున నడిచే దారి శుభ్రంగా ఉండాలని కోరడం తప్పు కాదు. వీలైతే ఒక రాత్రి షెల్టర్‌కు రండి. నేను గురువారం, ఆదివారం తొమ్మిది దాటాక అక్కడే ఉంటాను. మీ ఉత్తరం చదివితే రాతలో మంచి పొందిక ఉన్న మనిషని తెలుస్తోంది. మాకు ఫారాలు నింపడానికి ఇంకొకరు కావాలి. పోయినసారి రాత్రి పదకొండు దాటినా నా బల్ల ముందు ఇంకా ఆరుగురు కూర్చుని ఉన్నారు.

ఇట్లు,
పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక పాఠకురాలు