ఆయన, వాడు, నేను

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ పరీక్షలు ముగిశాయి, ప్రోగ్రెస్ కార్డులు ఇంటికి వచ్చి వెళ్ళాయి. ఈ నెల మార్కుల జోలికి పోను. తొమ్మిదో తరగతి పిల్లలు శనివారం లైబ్రరీ పీరియడ్‌లో చదువుతున్న పుస్తకం గురించి ఇద్దరు ముగ్గురు అమ్మలు ఫోన్ చేశారు. "మావాడు రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదు మేడమ్, ఈ దయ్యాల కథలు పిల్లలకు అవసరమా?" అని ఒకావిడ అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం కాస్త పొడుగు.

మొదట ఒక మాట. ఆ పుస్తకంలో దయ్యం లేదు. అది రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ రాసిన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'. పేరున్న డాక్టర్ జెకిల్ తానే తయారు చేసిన మందు తాగి, తనలోని చెడు అంతా రూపం కట్టిన హైడ్ అనే వేరే మనిషిగా మారుతుంటాడు, అదీ కథ. 1886 జనవరిలో లండన్‌లో ఒక షిల్లింగుకు అమ్మిన సన్నటి పుస్తకం. బ్రిటన్‌లో ఆరు నెలల్లో 40,000 ప్రతుల దాకా పోయాయి. అంతకు నూరేళ్ళ ముందు గోథిక్ కథలంటే పాడుబడ్డ కోటలు, నేలమాళిగలు, అర్ధరాత్రి కిర్రుమనే తలుపులు. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఆ కోటలో ఉన్నది మెల్లగా మనిషిలోకి మకాం మార్చింది. 1818లో వచ్చిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలలో ఒకడు ప్రాణం పోసిన పేరులేని ప్రాణిని ఈరోజుకీ జనం దాన్ని తయారు చేసినవాడి పేరుతోనే పిలుస్తారు. పొరపాటే, కానీ తీసిపారేయదగ్గ పొరపాటు కాదు.

పుస్తకం మొదలుపెట్టక ముందు హైడ్ బొమ్మ వేయమంటే పిల్లలందరూ కోరలు, గోళ్ళు, తలుపు పట్టనంత ఒళ్ళు గీశారు. చదివాక నాలుక కరుచుకున్నారు. పుస్తకంలో హైడ్ పొట్టివాడు. జెకిల్ బట్టలు వాడికి వదులై వేలాడుతుంటాయి. చూసిన ప్రతివాళ్ళకీ ఒళ్ళు జలదరిస్తుంది, కానీ ముఖంలో లోపం ఏమిటంటే ఒక్కరూ చెప్పలేరు. ఇన్నేళ్ళూ జెకిల్ ఆ చెడ్డ ముఖానికి పెద్దగా పని పెట్టలేదు, అందుకే అది ఎదగలేదు. ఈ సంగతి జెకిలే రాసుకున్నాడు.

మన పిల్లలకు సినిమాల్లో ద్విపాత్రాభినయం అలవాటు. ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు, చివర్లో ఇద్దరూ ఎదురుపడతారు. ఇక్కడా అంతే అనుకున్నారు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి అడిగింది: "మందు తాగితే చెడంతా హైడ్‌లోకి పోయింది కదా మేడమ్. మరి మిగిలిన జెకిల్ పూర్తిగా మంచివాడు అయిపోవాలి కదా?"

ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతున్నాను, ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. అవ్వలేదు. హైడ్ మొత్తం చెడే, కానీ జెకిల్ మాత్రం ఎప్పటి జెకిలే, మంచీ చెడూ కలగలిసిన పాత మనిషే. అసలు ఆయన మొదట దాచుకున్నవి కూడా ఘోరాలేం కావు. ఇంకొకరైతే నలుగురిలో గొప్పగా చెప్పుకునే సరదాలే. ఆయనకు తల ఎత్తుకుని తిరగాలన్న తాపత్రయం ఎక్కువ. ఆ పెద్దరికం కోసం సరదాలను చాటుకు నెట్టాడు. తర్వాత ఆ చాటుకు ఒక మనిషిని తయారు చేశాడు. ఇంటికి వీధివైపు ఒక గుమ్మం, వెనక సందులో రంగు పెచ్చులూడిన తలుపు. దానికి గంటా లేదు, తట్టడానికి కడియమూ లేదు. రెండూ ఒకే ఇంటివని కథలో అందరికీ వెంటనే తెలియదు.

స్టీవెన్‌సన్ పుట్టి పెరిగింది ఎడిన్‌బరోలో. చిన్నప్పుడు ఆయన గదిలో ఉన్న చెక్క బీరువా విలియం బ్రాడీ అనే వడ్రంగి చేసింది. ఆ బ్రాడీ పగలు నగర పాలక సభలో సభ్యుడు, వడ్రంగుల సంఘానికి పెద్ద. రాత్రి తన ఖాతాదారుల ఇళ్ళ తాళంచెవుల అచ్చులతో దొంగతనాలు. 1788లో ఉరి తీశారు. పిల్లాడు ఆ బీరువా ఉన్న గదిలో నిద్రపోయేవాడు. లైటు సంగతి ఫోన్ చేసిన అమ్మకు ఇది కాస్త ఊరటేమో!

తెలుగు మేడమ్, ఇంగ్లీష్ సార్ కలిసి ఒక పని పెట్టారు: చివరి అధ్యాయాన్ని, అంటే జెకిల్ రాసిన ఒప్పుకోలును, తెలుగులో క్లుప్తంగా రాయాలి. అక్కడ పడింది చిక్కు. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకటే మాట. తెలుగులో తేల్చుకోవాలి కదా. డాక్టర్ గారు 'ఆయన', హైడ్ 'వాడు' అని అందరూ రాసేశారు. మరి మంచం మీద పడుకున్నది జెకిల్, పొద్దున్నే దుప్పటి మీద కనిపించినది నల్లటి వెంట్రుకలతో నరాలు తేలిన హైడ్ చెయ్యి. ఆ నిద్ర లేచింది 'ఆయనా', 'వాడా'? క్లాసులో అరగంట గొడవ. జెకిల్ కూడా ఒక చోట ఇక్కడే తడబడతాడు. హైడ్ సంగతి చెబుతూ, వాడు అంటున్నాను, నేను అనలేకపోతున్నాను అంటాడు. ఒక కుర్రాడు మాత్రం మొత్తం 'నేను' అనే రాశాడు. అడిగితే, "చేసింది ఒక్కడే కదా మేడమ్" అన్నాడు.

నాకు ఆ వారంలోనే వరండాలో పగిలిన కిటికీ అద్దం గుర్తొచ్చింది. ఎవరిని అడిగినా "పగిలింది మేడమ్" అన్నారు. "పగలగొట్టాను" అన్నవాళ్ళు లేరు. మన భాషలో ఈ సదుపాయం ఎక్కువ. గ్లాసు జారింది, పాలు పొంగాయి, ఆలస్యమైంది. నేనూ తక్కువ తినలేదు. ఆ అద్దం దగ్గరే గట్టిగా అరిచి, తర్వాత స్టాఫ్‌రూమ్‌లో "కోపం వచ్చేసింది" అన్నాను, అదేదో ఎనిమిదింటి బస్సులో దిగినట్టు.

'ఇంట్లో పులి, వీధిలో పిల్లి' అని మనం నవ్వుతూ అనేస్తాం. పేరెంట్స్ మీటింగులో మీరు చెప్పే పిల్లాడూ మేం చెప్పే పిల్లాడూ ఒక్కడేనా అని నాకే అనుమానం వస్తుంటుంది. ఒక్కడే. ఎదుటివాళ్ళు ఏ పేరు పెడితే ఆ పేరుకు తగ్గట్టు మెలుగుతాడు. 'మా బంగారం, తప్పు చేయనే చేయదు' అని మేము పొగిడిన పిల్ల తప్పు చేసిన రోజున ముందుగా మా దగ్గరికి రాదు. అది మా అనుభవం.

ఇంకొక సంగతి పిల్లలకు మహా నచ్చింది. జెకిల్ హైడ్ పేరుతో బ్యాంకు ఖాతా తెరుస్తాడు. వాడికి వేరే సంతకం కావాలి కదా, తన చేతిరాతనే వెనక్కి వాల్చి పెడతాడు. ఒక వృద్ధ పార్లమెంటు సభ్యుణ్ణి హైడ్ చేతికర్రతో కొట్టి చంపాక, వాడి ఉత్తరాన్ని జెకిల్ లాయరు దగ్గరి గుమాస్తా, జెకిల్ రాత పక్కన పెట్టి చూస్తాడు. అక్షరాలు చాలావరకు ఒకటే, వాలు మాత్రం వేరు అంటాడు. లాయరుకు అప్పుడు కూడా అసలు సంగతి తట్టదు. జెకిల్ హంతకుణ్ణి కాపాడడానికి దొంగ ఉత్తరం రాశాడని వణికిపోతాడు.

వచ్చే శనివారం చివరి రెండు పీరియడ్లలో పిల్లలు ఈ పుస్తకం మీద మాట్లాడతారు. తీరిక ఉన్నవాళ్ళు రండి, వెనక కుర్చీలు వేయిస్తాం. లైబ్రరీలో అదనపు ప్రతులు ఉన్నాయి, పెద్దలకూ ఇస్తాం.

చివరగా ఒక విన్నపం. తిరిగి వచ్చిన ప్రోగ్రెస్ కార్డుల్లో రెండింటి మీద నాన్న సంతకం కొద్దిగా వెనక్కి వాలి ఉంది. ఎవరివో క్లాస్ టీచరుకూ తెలుసు, రాసినవాళ్ళకూ తెలుసు. సోమవారం లోపు వాళ్ళే వచ్చి 'నేను' అని చెబుతారేమోనని నా గది తలుపు తీసి ఉంచుతున్నాను. అప్పటిదాకా ఇంట్లో ఎవరినీ నిలదీయకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు